పట్టీ రాసిన చేత్తో పైథాన్

బాపులపాడు,
మే నెల, ఆదివారం

చిరంజీవి అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ గొంతు వింటే దిగులేసింది. "నలభై వీడియోలు చూశాను తాతయ్యా, పైథాన్ ప్రోగ్రామింగ్ నాకు రాదు" అన్నావు. చూస్తే ఎలా వస్తుందే? అమ్మమ్మ ఆవకాయ కలుపుతుంటే పుట్టినప్పటినుంచీ చూస్తున్నావు. ఎన్ని గిద్దల కారానికి ఎంత ఉప్పో చెప్పు చూద్దాం!

వీడియోలు కట్టిపెట్టి, నీ చేత్తో చెయ్యగలిగిన లెక్క ఒకటి తీసుకో. దాన్నే పైథాన్‌కి నేర్పు. నేను ఈ వయసులో మొదలుపెట్టింది అలాగే. ముప్ఫై ఏళ్ళు కమీషన్ కొట్లో మామిడి పట్టీలు రాసిన చెయ్యి కదా, ఆ పట్టీనే తీసుకున్నాను. బరువులోంచి తరుగు తీసి, ధరతో గుణించి, కమీషనూ హమాలీ పోగా మిగిలింది రైతుకి. బరువు, తరుగు, ధర అని తెలుగులోనే పేర్లు పెట్టుకున్నాను. పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఇఫ్, ఫర్ లాంటివి మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

మొదటిరోజే నవ్వులపాలయ్యాను. పొద్దున 12 ట్రేలు, సాయంత్రం 8 ట్రేలు అని ఇచ్చి కూడమంటే 128 అంది! ఇన్‌పుట్‌తో మనం ఇచ్చేదంతా దానికి అక్షరాలే. ఇంట్ అనే దానితో అంకెగా మార్చాకే కూడుతుంది, లేకపోతే పక్కపక్కన అతికిస్తుంది.

దానికన్నా పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. 800, 650, 550 కిలోల లాట్లు మూడు అనుకో. లాటుకి 20 కిలోల తరుగు, కిలో 25 రూపాయలు. ఫర్ కింద, ఎడమవైపు నాలుగు ఖాళీలు వదిలి రాసిన వరసలన్నీ ప్రతి లాటుకీ జరుగుతాయి. నేను తరుగు వరసకి ఆ ఖాళీలు వదలడం మరిచాను. మూడుసార్లు తియ్యాల్సిన తరుగు చివర్లో ఒక్కసారే తీసింది. 1940 కిలోలు రావాల్సింది 1980 వచ్చింది. అంటే వెయ్యి రూపాయల తేడా! పైథాన్ నోరెత్తలేదు, తప్పని ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. చేత్తో వేసిన పట్టీ పక్కనుంది కాబట్టి దొరికింది. నువ్వూ కాగితం మీద జవాబు రాసుకున్నాకే రన్ నొక్కు.

ఎర్రర్ వచ్చిందంటే మాత్రం సంతోషించు, కనీసం నోరు విప్పింది. చివరి వరస ముందు చదువు. నేమ్ ఎర్రర్ అంటే ఆ పేరు దానికి తెలియదని. చాలాసార్లు నువ్వు పైన ఒకలా, కింద ఒకలా రాసుంటావు. సింటాక్స్ ఎర్రర్ అంటే కోలన్ మరిచావేమో, పై వరసలో బ్రాకెట్ మూయలేదేమో చూసుకో.

కంప్యూటర్ లేదని ఆగకు. ఫోనులో పైడ్రాయిడ్ అనే యాప్ చాలు, బొటనవేలితో ఖాళీలు కొట్టడం విసుగే అనుకో. అన్నట్టు, పైథాన్ అంటే కొండచిలువని భయపడ్డావుట! 1989 క్రిస్మస్ సెలవుల్లో దీన్ని మొదలుపెట్టి 1991లో బయటపెట్టిన గైడో వాన్ రోసమ్, బీబీసీలో వచ్చిన ఒక హాస్య కార్యక్రమం పేరు తెచ్చి పెట్టాడు.

నువ్వు కోరుకుంటున్న నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటుకీ పైథాన్‌కీ ముడిపెట్టుకోకు. 2008లో పెట్టిన ఆ కాలేజీ చూసేది నీ పదో తరగతి మార్కులు, పైథాన్ కాదు.

ఇదొకటి చేసి చూడు. "మామిడి" పొడవెంతో లెన్‌తో అడుగు. మనకి మూడక్షరాలు, అది ఆరంటుంది. ఎందుకో గుణింతం గుర్తు తెచ్చుకుంటే తెలుస్తుంది. మరి "అమ్మ"కి ఎంత చెబుతుందో టైపు చెయ్యకముందే కాగితం మీద రాసి, వచ్చేటప్పుడు తీసుకురా. చిన్న రసాలు గడ్డిలో మగ్గేశాం, శనివారానికి పండుతాయి.

మీ తాతయ్య