కాడలేనా, గడ్డ ఊరదా?

ప్రశ్న: మాది భద్రాచలం దగ్గర. జూన్‌లో టబ్బుల్లో ఉల్లి వేస్తే కాడలు ఏపుగా పెరిగి, ఆకులపై ఊదా మచ్చలొచ్చి ఎండిపోయాయి. గడ్డ ఊరలేదు. ఏం చేయాలి?

జవాబు: ఉల్లిగడ్డ ఊరడానికి నీళ్లు, ఎరువు ఉంటే చాలదు, పగటి పొడవు కూడా కుదరాలి. యూరప్ రకాలకు 14 గంటలకు పైగా పగలు కావాలి. భద్రాచలంలో నడి వేసవిలో కూడా పగలు 13 గంటలు దాటేది కొద్ది నిమిషాలే. అందుకే ఆన్‌లైన్‌లో కొన్న విదేశీ విత్తనం ఇక్కడ కాడలతోనే ఆగిపోవచ్చు.

ఆ మచ్చలు చాలావరకు ఊదా మచ్చ తెగులువే. గోదావరి తీరపు వానాకాలపు తేమలో ఆకు తడి ఆరకపోతే శిలీంధ్రం విజృంభిస్తుంది. తామర పురుగులు గీకిన ఆకుల్లోకి మరింత తేలిగ్గా చొరబడుతుంది.

కొత్తవారికి యాసంగి మేలు. అక్టోబరులో నారు పోసి, 6-7 వారాలకు నాటాలి. అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి ఈ కాలానికి నప్పుతాయి. వానాకాలంలోనే వేయాలనుకుంటే అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, భీమా సూపర్ ఎంచుకోవాలి.

టబ్బు లోతు 20 సెంటీమీటర్లు ఉండాలి, అడుగున రంధ్రాలు తప్పనిసరి. నల్లరేగడి ఒక్కటే వాడితే నీరు నిలుస్తుంది. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపాలి. మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్ల ఎడం ఇవ్వాలి. నీళ్లు ఉదయం పూట మొక్కల మొదళ్ల దగ్గరే పోయాలి, ఆకులు తడవకూడదు. తామర పురుగులకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లాలి.

గడ్డ ఊరే దశలో యూరియా వేస్తే మెడ లావెక్కి నిల్వ చెడుతుంది. సగం మొక్కల కాడలు వాలాక తవ్వి, నీడలో ఆరబెట్టాలి. అంతకు 10 రోజుల ముందే నీళ్లు ఆపాలి.