కొండపట్టణమున ఋతుకాలపు కొలువును వసతియు

ఈ సంవత్సరపు సంచికకు భూగోళవిషయమై యొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. పర్వతములను గూర్చియు నదులను గూర్చియు తరగతిలో చెప్పుచునే యున్నాను గనుక, ఈ మారు పర్వతములమీద కొన్ని నెలలు మాత్రమే పనిచేసి బ్రదుకువారిని గూర్చి వ్రాయదలచితిని. మన పాఠశాలలో చదివి, ఇప్పుడు కెనడా దేశమున కాల్గరీ నగరమందు విద్య నభ్యసించుచున్న పూర్వవిద్యార్థి యొకడు నాకు వ్రాసిన యుత్తరమే దీనికి కారణము. అతని పేరిక్కడ వ్రాయను. ఆ యుత్తరములోని యొక వాక్యము నన్ను చాల దినములు బాధించెను: "మాస్టరుగారూ, పని దొరకినది గాని పడక దొరకలేదు."

అతడు వెళ్లిన యూరు బాన్ఫ్. కాల్గరీకి పడమట సుమారు 130 కిలోమీటర్ల దూరమున, రాకీ పర్వతముల నడుమ, బో నదియొడ్డున నున్న చిన్న పట్టణ మది. సముద్రమట్టమునకు దాని యెత్తు సుమారు 1,383 మీటర్లు. మన మదనపల్లె దగ్గరి హార్స్లీ కొండయు 1,200 మీటర్లకు పైబడినదే. ఎత్తులో నింత దగ్గరగా నున్నను, హార్స్లీ కొండమీద శాలువా చాలును; బాన్ఫులో చలికాలమున కొన్ని దినములు సున్నకు 30 డిగ్రీలు క్రిందికి దిగును. ఎత్తొక్కటే చలికి కారణమని పరీక్షలో వ్రాయువారు అక్షాంశమును మరచుచున్నారు. హార్స్లీ కొండ 13వ యుత్తర అక్షాంశము దాపున నున్నది. బాన్ఫ్ 51వ అక్షాంశమునకు సమీపమున నున్నది. ఈ భేదము మనకిక్కడ ముఖ్యము. వసతి దొరకనివాడు చెట్టుక్రిందనో సత్రపు అరుగుమీదనో పండుకొని తెల్లవార్చుటకు అది తగిన చోటు కాదు.

1883వ సంవత్సరమున రైలుమార్గపు పనివారు ముగ్గురు అచ్చటి గుహలో వేడినీటి యూటలను చూచిరి. ఆ దేశపు ఆదిమవాసులకు అవి యంతకుముందే తెలియును. 1885లో ప్రభుత్వమువారు ఆ యూటల చుట్టునున్న భూమిని ప్రజలకొరకు ప్రత్యేకించిరి. అదియే క్రమముగా పెరిగి నేడు 6,600 చదరపు కిలోమీటర్లకు మించిన జాతీయవనమైనది. 1888లో రైలు కంపెనీవారు గొప్ప హోటలొకటి తెరచిరి. నాటినుండి నేటివరకు ఆ యూరికి అతిథులే పంట. వనమును చూచుటకు ఏటేట 40 లక్షలకు పైగా జనులు వచ్చుచున్నారు. పట్టణమున స్థిరముగా నుండువారు 2021 జనాభాలెక్క ప్రకారము 8,305 మంది మాత్రమే. ఇందరు అతిథులకు పక్కలు పరచుటకును, పాత్రలు కడుగుటకును, వండి వడ్డించుటకును, మంచుకొండలపైకి జనులను మోయు తీగయానములు నడపుటకును ఎందరు పనివారు కావలయునో మీరే యూహింపుడు. జూను మొదలు సెప్టెంబరు వరకు ఒక రద్దీ. నవంబరు మొదలు వసంతము వరకు మంచుజారు క్రీడలకై మరియొక రద్దీ. ఈ రెంటి నడుమ, ఏప్రిలు మే నెలలందును అక్టోబరునందును, పని గంటలు తగ్గిపోవును.

కాబట్టి అచ్చట పని దొరకుట పెద్ద కష్టము కాదు. వేసవి కొలువులకు యజమానులు ఫిబ్రవరి మొదలుకొనియే మనుష్యులను వెదకుదురు. చలికాలపు కొలువులకు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో. ఉద్యోగార్థులకు రుసుము లేకుండ సహాయము చేయు కార్యాలయము బాన్ఫులోనే కలదు. ఉద్యోగ మిప్పించెదమని పనివానియొద్ద సొమ్ము గైకొనుట ఆల్బర్టా రాష్ట్రమున చట్టవిరుద్ధము. ఈ మాట తలిదండ్రులు ప్రత్యేకముగా గమనింపగోరెదను, ఏలయనగా మన ప్రాంతములో నిట్టి సొమ్ము చెల్లించినవారిని నేనెరుగుదును.

అయితే గది యెందుకు దొరకదు? ఇదియే ఈ పాఠమునకు కీలకము. బాన్ఫ్ జాతీయవనములోపల నున్న పట్టణము. 1990వ సంవత్సరమున దానికి స్వంత పురపాలకసంఘ మేర్పడినను, భూమి మాత్రము ప్రభుత్వమువారిదే; ఇండ్లవారు కౌలుపత్రముమీద నుండువారే గాని భూస్వాములు కారు. ఊరి విస్తీర్ణము సుమారు నాలుగు చదరపు కిలోమీటర్లు. ఆ హద్దు దాటి యిల్లు కట్టరాదు. ధనవంతులు వేసవి భవనములు కొని తాళములు వేసి పోకుండ, అక్కడ నివసించుటకు తగిన కారణము గలవారే నివసింపవలెనని యొక నిబంధన యున్నది. వనములో పనిచేయువారు, వ్యాపారము నడపువారు, వారి కుటుంబములు, అచ్చట చిరకాలము పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు మొదలగువారే యుండవచ్చును. నిబంధన మంచిదే. అది లేనిచో పనివారికి ఆ నాలుగు కిలోమీటర్లలో జానెడు చోటైనను మిగులదు. అయినను ఇండ్లు కొద్ది, పనివారనేకులు. ఒక్కొక్క గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకొనుట సామాన్యము.

వనపు హద్దు దాటి తూర్పున 25 కిలోమీటర్ల దూరములో కాన్మోర్ అను పట్టణము గలదు. అచ్చట నీ నిబంధన లేదు. లేనందుననే విహారగృహములు కొనువారు ఎక్కువై అద్దెలు మిక్కిలి పెరిగినవి. రెండూళ్ల నడుమ బస్సు నడచును గనుక కాన్మోరులో నుండి బాన్ఫులో పనిచేయువారు కలరు. రాత్రి పొద్దుపోయి వంటశాల మూయువారు మాత్రము కడపటి బస్సు వేళను ముందుగా తెలిసికొనవలెను. బండిలో పండుకొందమన్నను, బాన్ఫ్ వీధులలో రాత్రివేళ బండ్లలో నిద్రించుట నిషిద్ధము.

ఇక మన విద్యార్థి సంగతి. విదేశీయుడు ఆ దేశమున పనిచేయుటకు అనుజ్ఞ యుండవలెను; చూడవచ్చిన వీసాతో పనిచేయరాదు. చదువుకొనువారు మాత్రము, వారి అనుజ్ఞాపత్రములో ఆ షరతు ఉన్నయెడల, 2024 నవంబరు నాటి నియమము ప్రకారము, చదువు జరుగుచుండగా వారమునకు 24 గంటలును, కళాశాల సెలవులలో పూర్తికాలమును పనిచేయవచ్చును. అతడు మే నెల సెలవులకు ముందే ఒక భోజనశాలలో పాత్రలు కడుగు పని కుదుర్చుకొనెను. గుణగణములను గూర్చి యుత్తర మడుగగా నేనే వ్రాసి పంపితిని. జీత మెంతయని అడిగితిని. గంటకు 15 డాలర్లనెను. 2018 నుండి ఆ రాష్ట్రమున కనీస వేతన మదియే. సంతోషించితిని. ఎక్కడ పండుకొందువని అడుగలేదు.

ఆ భోజనశాలవారు వసతి యియ్యరు. అతడు ఫోనులో నొక గది ప్రకటన చూచి, చిత్రములు బాగున్నవని, 600 డాలర్లు బయానాగా పంపెను. బస్సు దిగి ఆ చిరునామాకు పోగా ఇల్లున్నది, ఇంటివారును ఉన్నారు, గది అద్దెకిచ్చుట యను మాటయే వారెరుగరు. చిత్రము లెవ్వడో దొంగిలించినవి. రెండు రాత్రులు యాత్రికుల వసతిగృహములో గడపెను. ఆ రెండు రాత్రుల వెల అతని రెండు దినముల కూలిని మ్రింగినది. మూడవ దినమున పని విడిచి, జీతము సమానమే యైనను గంటలు తక్కువగా నిచ్చి పడక చూపిన వేరొక హోటలులో పక్కలు పరచు పనికి కుదిరెను.

ఇక్కడ కొంచెము గణితము చేయుదము. గంటకు 15 డాలర్ల చొప్పున వారమునకు 40 గంటలు పనిచేసిన 600 డాలర్లు. రెండు వారములకు 1,200. ఆదాయపు పన్నును, వృద్ధాప్యపు పింఛను నిధియు, నిరుద్యోగ భీమాయు ఇందులోనుండి తగ్గును. గదిలో నొక పడకకు నెలకు 900 డాలర్లనుకొందము. ధరావతుగా మరియొక నెల అద్దె అడుగుదురు. అంతకు మించి అడుగుటకు చట్టమొప్పదు. అనగా మొదటి దినమున 1,800 డాలర్లు కావలెను. మొదటి జీతము రెండు మూడు వారములకు గాని రాదు. జీతమెంత గొప్పదైనను ఈ మూడు వారముల సందు దాటింపలేదు. అందుచేత యజమాని యిచ్చు వసతి, ఇరుకైనను, కొత్తవానికి మేలు. దాని యద్దెను జీతములో తగ్గించుకొందురు. ఎంత తగ్గింతురో వ్రాతమూలకముగా నుండవలెను.

కాని అందులో నొక చిక్కున్నది. మా తాతగారు దొరగారి యింట వంటవాడుగా నుండి, ఎండకాలము రాగానే ఆ కుటుంబముతో కొడైకెనాలు కొండకు పోవుచుండిరి. అమెరికా మిషనెరీలు 1845 మొదలుకొని యచ్చట ఇండ్లు కట్టుకొనిరి. బంగళా వెనుకనున్న గదిలో తాతగారికి చాపయు, బొగ్గుల కుంపటియు దొరకెడివి. ఒక యేడు వారితో వచ్చిన తోటి నౌకరు దొరసానిగారి కోపమునకు పాత్రుడై పనిపోగొట్టుకొనగా, ఆ సాయంకాలమే గదియు పోయెనట. వాడు మెట్టదారిన నడచి దిగిపోవుట తాతగారు ముసలితనములో గూడ చెప్పెడివారు. పనియు పడకయు ఒకే చేతిలో నుండినప్పుడు, పని పోయిననాడు పడకయు పోవును. నేటి బాన్ఫులో చట్టమున్నది గనుక ఆ సాయంకాలమే వెడలగొట్టరు. అయినను గడువు స్వల్పమే. జబ్బుపడినచో ఏమగును, ఋతువు ముగిసిన తరువాత ఎన్ని దినములుండనిత్తురు, గంటలు తగ్గించినప్పుడు అద్దెయు తగ్గునా యనునవి చేవ్రాలు చేయకముందే అడుగవలెను. ఇట్లడుగుట అమర్యాదయని మన పిల్లలు సంకోచింతురు. అచ్చటివారు దానిని అమర్యాదగా నెంచరు. అడుగనివానినే వింతగా చూతురు.

యజమాని వసతి లేనప్పుడు, ఊరిలో యువతుల క్రైస్తవ సంఘమువారి వసతిగృహమును అద్దెగదులును కలవు. పురపాలకసంఘము నెలకొల్పిన గృహసంస్థయు నున్నది. వీనిలో చోటు దొరకుట నిశ్చయము కాదు గాని, ముఖమెరుగని ప్రకటనకర్తకు సొమ్ము పంపుటకంటె వీరికి ముందుగా వ్రాయుట మేలు. గదిని కన్నులార చూడక, లేదా నమ్మదగినవారిచేత చూపింపక బయానా పంపరాదు. తెలుగు పిల్లలు కాల్గరీలో ననేకులున్నారు. ఒకరు పోయి తలుపు తట్టివచ్చుటకు పట్టునది ఒక్క దినము.

మన విద్యార్థి ఆ వేసవి గడపి, ఆగస్టు కడపట కాల్గరీకి తిరిగిపోయెను. పోయిన 600 డాలర్లు తిరిగిరాలేదు. పోలీసువారికి తెలిపెను, అంతే. ఈ యేడు ఫిబ్రవరిలోనే మరల దరఖాస్తులు పంపినాడు. ఒక్కొక్క దరఖాస్తులోను జీతము మాట యెత్తకముందు వసతి మాట అడిగెనట. ఒక హోటలువారు వివరముగా బదులు వ్రాసిరి: గదికి ఇద్దరు, వంటగది క్రింది అంతస్తున, అద్దె రెండు వారముల కొకసారి జీతములో తగ్గింపు, పని ముగిసిన తరువాత తాళపుచెవి అప్పగించుటకు గడువు ఇంత అని. ఆ యుత్తరపు నకలు నాకు పంపి తప్పులున్నవేమో చూడుమన్నాడు. నాకు తప్పులు కనబడలేదు. దుప్పటి వారిత్తురా, మనమే తీసికొని పోవలెనా యని మాత్రము అడుగుట మరచితిననియు, మరునాడు వ్రాసి తెలిసికొందుననియు అడుగున వ్రాసియున్నాడు.