పచ్చ లైటును నమ్మకండి

రెండు కేబుళ్లను కలిపి ఒకటిగా వాడే చోట ఒకటి చచ్చిపోతే మీకు ఎవరూ ఫోన్ చెయ్యరు. మెయిళ్లు వెళుతుంటాయి, వీడియో కాల్స్ నడుస్తుంటాయి, అకౌంట్స్ సెక్షన్లో టాలీ తెరుచుకుంటుంది. రెండోది కూడా పోయిన రోజు మాత్రం బిల్డింగంతా ఒక్కసారే ఫోన్ చేస్తుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉంది కదయ్యా!’ అంటాడు మేనేజరు. బాగా లేదు. ఎన్నాళ్లనుంచో ఒక్క కేబుల్ మీదే అంతా నడుస్తోంది, చూసినవాడు లేడు.

నెట్‌వర్క్ ఉద్యోగంలో కొత్తగా అడుగుపెట్టినవాళ్లకు ఒక్క సలహా చెప్పమంటే నేను ఇక్కడినుంచే మొదలుపెడతాను. ఫిర్యాదు వచ్చాక పరుగెత్తేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్లకు పేరు కూడా బాగానే వస్తుంది. ఫిర్యాదు రాకముందే వెళ్లి చూసేవాడికి చప్పట్లుండవు. అయినా మీరు రెండోవాళ్లే కావాలి. ఆ అలవాటు పట్టుబడడానికి లింక్ అగ్రిగేషన్‌ను, అంటే కేబుళ్లను ఇలా ఒకే కట్టగా కట్టడాన్ని, మించిన సాధన నాకు కనబడలేదు.

అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ కోచింగుకు వెళ్లినవాళ్లకు ఇది ఈథర్‌ఛానెల్ పేరుతో తెలుసు. 1990ల మొదట్లో సిలికాన్ వ్యాలీలోని కల్పన అనే కంపెనీ దీన్ని తయారుచేసింది. వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ కలిసి పెట్టిన కంపెనీ అది. భరద్వాజ్ భార్య పేరే దానికి పెట్టారు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. తర్వాత ఏ కంపెనీ స్విచ్ అయినా ఇంకో కంపెనీ స్విచ్‌తో జతకట్టేలా 2000లో 802.3ఏడీ అనే ప్రమాణం వచ్చింది, 2008లో అది 802.1ఏఎక్స్ అయింది. స్విచ్చులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి పేరు ఎల్ఏసీపీ. చరిత్ర ఇంత చాలు.

అవసరం ఏమిటంటే, రెండు స్విచ్‌ల మధ్య ఊరికే రెండు కేబుళ్లు వేస్తే స్పానింగ్ ట్రీ ఒకదాన్ని ఆపేస్తుంది. లూప్ పుట్టకుండా ఉండాలంటే ఆపక తప్పదు. కట్టగా కడితే స్పానింగ్ ట్రీకి అది ఒకే లింకుగా కనిపిస్తుంది, రెండూ పనిచేస్తాయి. ఒకటి పోయినా రెండోది మోస్తుంది. ఆ సుగుణమే మనల్ని నిద్రపుచ్చుతుంది.

ముందు కట్టడం సంగతి. పోర్టును కట్టలో చేర్చేటప్పుడు మోడ్ చెప్పాలి. యాక్టివ్ అంటే తనే ముందు పలకరిస్తుంది. పాసివ్ అంటే పలకరిస్తే బదులిస్తుంది. రెండు వైపులా పాసివ్ పెడితే ఎవరూ నోరు విప్పరు, కట్ట ఏర్పడదు. వ్యక్తిత్వ వికాసం రాసేవాడికి ఇంతకంటే తేరగా దొరికే పాఠం లేదు కాబట్టి దాన్ని మీకే వదిలేస్తున్నాను. నాకు భయమల్లా మూడో మోడ్, ‘ఆన్’ అంటే. అది అడగదు, చెప్పదు. అవతలి వైపు కూడా కట్టే ఉందని నమ్మేసి పని మొదలుపెడుతుంది. అక్కడ పోర్టులు విడివిడిగా ఉంటే లూప్ పుట్టి నెట్‌వర్కంతా ఊగిపోవచ్చు. మధ్యలో మీడియా కన్వర్టర్ ఉండి దానికి అవతల ఫైబర్ తెగిందనుకోండి, ఇవతల పోర్టులో లైటు పచ్చగానే వెలుగుతూ ఉండొచ్చు. ఆ దారిన వెళ్లే ప్యాకెట్లన్నీ గాలికి పోతాయి. సగంమంది ‘నెట్ పోయింది’ అంటారు, సగంమంది ‘మాకు బాగానే ఉందే’ అంటారు. ఇంత చికాకైన ఫిర్యాదు ఇంకోటి ఉండదు. అవతలివాడికి ఎల్ఏసీపీ చేతకాకపోతే తప్ప ‘ఆన్’ జోలికి వెళ్లకండి. రెండు వైపులా యాక్టివ్ పెట్టండి.

ఏదైనా మార్చే ముందు రెండు స్విచ్‌ల్లోనూ లాగిన్ అయి, ఉన్నదున్నట్టు ‘షో రన్నింగ్-కాన్ఫిగ్’ తీసి దాచుకోండి. కట్టలోకి వచ్చే పోర్టుల వేగం ఒకటేనా, వీలాన్ జాబితా ఒకటేనా, నేటివ్ వీలాన్ ఒకటేనా చూసుకోండి. తర్వాత ఆ పోర్టుల్ని షట్‌డౌన్ చేసి, రెండు వైపులా ‘ఛానెల్-గ్రూప్ 1 మోడ్ యాక్టివ్’ కొట్టి, అప్పుడు తెరవండి. గ్రూప్ నంబరు రెండు చోట్లా ఒకటే ఉండనక్కర్లేదు, అది ఏ స్విచ్‌కి ఆ స్విచ్ సొంత లెక్క. ఉంటే మాత్రం అర్ధరాత్రి బుర్రకు శ్రమ తగ్గుతుంది.

ఒకసారి కట్టాక మార్పులన్నీ పోర్ట్-ఛానెల్ మీదే (కట్ట మొత్తానికి స్విచ్ పెట్టే పేరు అది) చెయ్యండి, విడి పోర్టు మీద చెయ్యకండి. ఒక్క పోర్టులో వీలాన్‌లాంటి సెట్టింగు మారితే స్విచ్ దాన్ని కట్టలోంచి సస్పెండ్ చేస్తుంది. ట్రంక్‌లో కొత్త వీలాన్ చేర్చేటప్పుడు ‘యాడ్’ అన్న మాట మరిచిపోతే పాత జాబితా అంతా చెరిగిపోయి కొత్త వీలాన్ ఒక్కటే మిగులుతుంది. మూడక్షరాల ఇంగ్లిష్ మాట ఒక అంతస్తును చీకట్లో పడేస్తుంది. ఎంటర్ కొట్టే ముందు కమాండును పెదవులు కదిలేలా చదువుకునే సీనియర్లను చూసి నవ్వకండి.

దూరంగా ఉన్న బ్రాంచి స్విచ్ అయితే, పొరపాటున మీ దారిని మీరే తెంచుకునే ప్రమాదం ఉంది. దానికి ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. సిస్కోలో ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టి మొదలుపెట్టండి. మీరు బయట పడిపోయినా పది నిమిషాల్లో స్విచ్ రీస్టార్టయి, సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. మధ్యలో సేవ్ చేశారో, ఆ రక్షణ పోయినట్టే. పని సవ్యంగా అయితే రీలోడ్‌ను రద్దు చెయ్యడం మరిచిపోకండి. జునిపర్‌లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ ఇంకా మర్యాదస్తురాలు. పది నిమిషాల్లో మీరు మళ్లీ ఒప్పుకోకపోతే రీస్టార్ట్ లేకుండానే పాత స్థితికి తీసుకెళుతుంది. నాకు తప్పు జరగదులే అనే ధైర్యం కంటే జరిగినా తిరిగి రాగలను అనే ఏర్పాటు మేలు.

ఇక అసలు పని, చూడడం. పోర్ట్-ఛానెల్ ‘అప్’ అని ఉంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. కట్టలో ఒక్క కేబుల్ మిగిలినా అది అప్ అనే చెబుతుంది. ‘షో ఈథర్‌ఛానెల్ సమ్మరీ’ కొట్టండి. ప్రతి పోర్టు పక్కనా బ్రాకెట్లో ఒక అక్షరం ఉంటుంది. ‘పి’ ఉంటే కట్టలో ఉంది. ‘డి’ ఉంటే డౌన్. చిన్న ‘ఎస్’ ఉంటే సస్పెండ్, అంటే సెట్టింగులు ఎక్కడో పొసగలేదు. ‘ఐ’ ఉంటే అవతలినుంచి పలుకు లేక విడిగా నిలబడి ఉంది. ‘ఐ’ ఉన్న పోర్టులోనూ లైటు పచ్చగానే ఉండొచ్చు సుమా. తర్వాత ‘షో ఎల్ఏసీపీ నైబర్’. అన్ని పోర్టులకూ అవతలి డివైస్ ఐడీ ఒకటే కనబడాలి. వేరుగా కనిపిస్తే ఎవరో ప్యాచ్ కేబుల్‌ను పక్క స్విచ్‌లో గుచ్చారన్నమాట. అక్కడే ‘ఏజ్’ అన్న అంకె ఉంటుంది. పొరుగువాడి కబురు వచ్చి ఎన్ని సెకన్లయిందో చెబుతుంది. మామూలుగా ఎల్ఏసీపీ కబురు 30 సెకన్లకోసారి వస్తుంది, 90 సెకన్లు రాకపోతే ఆ లింకును వదిలేస్తుంది. ఫాస్ట్ పెడితే సెకనుకోసారి, మూడు సెకన్ల గడువు. మీ వైపు ఫాస్ట్ పెట్టడమంటే అవతలివాణ్ణి ‘నాకు త్వరత్వరగా చెబుతుండు’ అని అడగడం. అతనిది కూడా మార్చకపోతే మీరు మాత్రం 30 సెకన్లకోసారే పంపుతుంటారు.

సర్వర్ వైపు లైనక్స్ ఉంటే ‘ప్రాక్’ కింద ‘నెట్’లో ‘బాండింగ్’ ఫోల్డర్ తెరిచి బాండ్‌0 ఫైలు చదవండి. ఎంఐఐ స్టేటస్ అప్ అని చూసి మురిసిపోకండి, అది తీగలో ప్రాణం ఉందని మాత్రమే చెబుతుంది. కార్డులన్నిటికీ అగ్రిగేటర్ ఐడీ ఒకటే ఉందా? పార్ట్‌నర్ మ్యాక్ అడ్రస్ మొత్తం సున్నాలుగా ఉందా? సున్నాలుంటే అవతలి స్విచ్ ఎల్ఏసీపీ మాట్లాడడం లేదు. సర్వర్ టీమ్ వాళ్లూ నెట్‌వర్క్ టీమ్ వాళ్లూ ‘మా వైపు అంతా కరెక్టే’ అని పోట్లాడుకుంటున్నప్పుడు ఈ రెండు లైన్లు ముందు పెట్టండి. గొంతు పెంచాల్సిన పని ఉండదు.

ఏదో ఒక రోజు జూనియర్ వచ్చి అడుగుతాడు: ‘అన్నా, రెండు గిగాబిట్లు కలిపాం కదా, బ్యాకప్ ఒక్క గిగాబిట్ దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?’ కాడికి కట్టిన జోడెడ్లు ఒకే బండిని లాగినట్టు రెండు కేబుళ్లూ ఒకే ఫైలును లాగుతాయని అతని ఊహ. అలా జరగదు. ఒక సంభాషణ తాలూకు ఫ్రేములు వరస తప్పకుండా చేరాలి గనుక స్విచ్ వాటన్నిటినీ ఒకే కేబుల్ మీద పంపుతుంది. ఏ సంభాషణ ఏ కేబుల్‌కు వెళ్లాలో మ్యాక్ అడ్రసులూ ఐపీ అడ్రసులూ చూసి హాష్ లెక్కతో తేలుస్తుంది. చాలా సిస్కో కెటలిస్ట్ స్విచ్చుల్లో ఆ లెక్కకు ఎనిమిదే గళ్లు. రెండు కేబుళ్లకు నాలుగు, నాలుగు. మూడు కేబుళ్లకు మూడు, మూడు, రెండు. మూడోవాడికి పని తక్కువెందుకు పడిందని పోర్టును తిట్టి లాభం లేదు. గమ్యం మ్యాక్ మాత్రమే చూసే పద్ధతి పెట్టి, రూటర్ ఒక్కటే ఉన్న వైపు ట్రాఫిక్ పంపితే మొత్తం భారం ఒక కేబుల్ మీదే పడుతుంది. ‘షో ఈథర్‌ఛానెల్ లోడ్-బ్యాలెన్స్’ చూసి, అవసరమైతే రెండు చివరల ఐపీలనూ పరిగణించే పద్ధతికి మార్చండి. ఆ సెట్టింగు చాలా మోడళ్లలో ఆ స్విచ్ మీది కట్టలన్నిటికీ వర్తిస్తుంది కాబట్టి పట్టపగలు చెయ్యకండి.

జూనియర్‌కు ఈ జవాబు ఓపికగా చెప్పండి. మేనేజరుకైతే కట్ట కొనే ముందే చెప్పండి.

రోజూ కూర్చుని కమాండ్లు కొట్టడం ఎవరివల్లా కాదు, మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలి. అయితే ఏం చూడమని చెప్పారన్నదే ప్రశ్న. పోర్ట్-ఛానెల్‌ను మాత్రమే చూడమంటే అది రోజూ అప్ అనే చెబుతుంది. లోపలి పోర్టుల్ని ఒక్కొక్కటిగా చేర్చండి. ఒక పోర్టు కట్టలోంచి జారినప్పుడు సిస్కో స్విచ్ ‘ఈసీ-5-అన్‌బండిల్’ అనే లాగ్ రాస్తుంది. మధ్యలోని ఆ 5 చూశారా? అది తీవ్రత స్థాయి. 3, అంతకంటే తీవ్రమైనవి మాత్రమే పంపమని అలర్టులు పెట్టుకున్న ఆఫీసుల్లో ఈ కబురు ఎవరి చెవినా పడదు. యంత్రం తన వంతు చెప్పింది, మనమే వినకుండా సెట్ చేసుకున్నాం. ఆ ఒక్క లాగ్‌కూ విడిగా అలర్టు రాయండి. ‘షో ఇంటర్‌ఫేస్’లో పోర్ట్-ఛానెల్ బ్యాండ్‌విడ్త్ అంకె కూడా గమనించండి. రెండు గిగాబిట్ పోర్టులుంటే 20 లక్షల కిలోబిట్లు ఉండాలి, పది లక్షలుంటే ఒకటి జారిపోయింది.

నాలుగు కేబుళ్ల కట్ట ఒక్క కేబుల్‌కు దిగజారినా ఊపిరాడక లాక్కొస్తూనే ఉంటుంది. వేరే దారి సిద్ధంగా ఉంటే అలా లాక్కురావడం కంటే పడిపోవడమే మంచిది. ‘పోర్ట్-ఛానెల్ మిన్-లింక్స్’ అనే కమాండ్ అందుకే ఉంది. ఇన్నిటికంటే తగ్గితే నావల్ల కాదని కట్ట చేతులెత్తేస్తుంది, ట్రాఫిక్ రెండో దారి పడుతుంది. ఎన్నిటికంటే తగ్గకూడదో ప్రశాంతంగా ఉన్నప్పుడే తేల్చుకోండి, మంటల్లో ఉన్నప్పుడు కాదు. రెండో దారే లేనివాళ్లు ఈ కమాండ్ జోలికి వెళ్లకండి, ఉన్న ఒక్క కేబుల్‌నూ మీరే కోసుకున్నట్టవుతుంది.

చివరగా ఒక పరీక్ష. మెయింటెనెన్స్‌కు అనుమతి ఉన్న రాత్రి, అందరికీ ముందే చెప్పి, పింగ్ ఆగకుండా నడుస్తుండగా ఒక కేబుల్ ఊడదీయండి. ఎన్ని పింగ్‌లు పోయాయో రాసుకోండి. అలర్టు మీ ఫోన్‌కు వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఆ రాత్రి పని అదే, అది బాగుపడేదాకా ముందుకు వెళ్లకండి. ఊడదీసినదాన్ని పెట్టి, సమ్మరీలో ‘పి’ తిరిగొచ్చాకే రెండోదాన్ని లాగండి. ఏ పోర్టు అవతల ఏ స్విచ్‌లో ఏ పోర్టుకు వెళుతోందో డిస్క్రిప్షన్లో రాసి, అన్ని పోర్టుల పక్కనా ‘పి’ ఉందని ఇంకోసారి చూసి, అప్పుడు ‘రైట్ మెమొరీ’ కొట్టండి.