అతిశీతల ప్రాంతాలలో రైతు సొంత మరమ్మతు శాల: ప్రణాళిక, సామగ్రి

ఉపోద్ఘాతం

కెనడాలోని సస్కాచెవాన్ ప్రావిన్సు గోధుమ, కనోలా, మసూరు పంటలకు ప్రసిద్ధి చెందింది. భారతదేశం దిగుమతి చేసుకునే మసూరు పప్పులో గణనీయమైన భాగం ఆ మైదానాలలోనే పండుతుంది. అక్కడ మంచు కాటు లేని రోజులు ఏడాదికి సుమారు 100 నుండి 120 మాత్రమే. మే నెలలో విత్తనం వేసి, ఆగస్టు చివరి నుండి అక్టోబరు లోపల కోత ముగించాలి. విత్తే సమయంలో యంత్రం వారం రోజులు మూలపడితే, ఆ ఆలస్యం గింజ గట్టిపడే దశలో పైరును తొలి మంచుకు అప్పగిస్తుంది.

కాబట్టి ట్రాక్టరు, విత్తే యంత్రం, కంబైన్ హార్వెస్టరు మరమ్మతులన్నీ శీతాకాలంలోనే పూర్తి కావాలి. అయితే జనవరి సగటు ఉష్ణోగ్రత -15 డిగ్రీల సెల్సియస్ పరిసరాలలో ఉంటుంది. కొన్ని రాత్రులు -40 డిగ్రీలకు కూడా పడిపోతుంది. ఆ చలిలో గ్రీజు గట్టిపడుతుంది, రబ్బరు గొట్టాలు పెళుసుబారతాయి, ఒట్టి చేత్తో పానా పట్టుకుంటే చర్మం దెబ్బతింటుంది. అందుచేత వెచ్చని మరమ్మతు శాల అక్కడి రైతుకు విత్తనం, ఎరువు వంటి ఉత్పత్తి సాధనమే.

ఇటువంటి శాలను తలపెట్టినవారు సాధారణంగా పనిముట్ల జాబితాతో ఆరంభిస్తారు. పనిముట్లను ఏటా కొన్ని చొప్పున సమకూర్చుకోవచ్చు. గచ్చు కింద వేయవలసిన ఉష్ణ నిరోధకాన్ని, గోడలో అమర్చవలసిన ఆవిరి నిరోధక పొరను మాత్రం తరువాత చేర్చడం అతి కష్టం. అందువల్ల శీతల ప్రాంతంలో కట్టడమే మొదటి పనిముట్టు అన్న దృష్టితో ప్రణాళిక సాగాలి.

స్థల నిర్ణయం

ఆ మైదానాలలో శీతాకాలపు గాలులు ఎక్కువగా వాయవ్య దిశ నుండి వీస్తాయి. పెద్ద తలుపును దక్షిణానికో తూర్పుకో పెడితే తలుపు తెరచినపుడు చలిగాలి నేరుగా లోపలికి చొరబడదు. డిసెంబరులో పగలు సుమారు 8 గంటలే కాబట్టి దక్షిణపు కిటికీ వెలుతురుకూ తోడ్పడుతుంది.

గాలి తాకిడిని తగ్గించే చెట్ల వరుసలు ఆ సేద్యంలో విడదీయరాని భాగం. ఇండియన్ హెడ్‌లోని ప్రభుత్వ నర్సరీ 20వ శతాబ్దపు ఆరంభం నుండి 2013 వరకు రైతులకు ఇందుకోసం మొక్కలను అందించింది. అయితే చెట్ల వరుసను దాటిన గాలి వేగం తగ్గి, మోసుకొచ్చిన మంచును ఆ వెనుకనే కుప్పగా జారవిడుస్తుంది. శాలను చెట్లకు మరీ దగ్గరగా కడితే ఆ కుప్పలు తలుపునే మూసివేస్తాయి. కనీసం 30 మీటర్ల ఎడం ఉంచడం మంచిది.

పునాది, గచ్చు

నల్లరేగడిలో తేమ మార్పు వలన ఇంటి గోడలు పగలడం తెలుగు రైతులకు సుపరిచితమే. శీతల ప్రాంతాలలో అదే నష్టాన్ని గడ్డకట్టే నీరు కలిగిస్తుంది. నీరు మంచుగా మారినపుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొక ప్రక్రియ వలన కలుగుతుంది. గడ్డకట్టిన పొర కింది నేల నుండి కేశనాళికా చర్య ద్వారా నీటిని పైకి లాగి, పలకలు పలకలుగా మంచును పేర్చుకుంటూ నేలను ఎత్తివేస్తుంది. ఒండ్రు పాలు ఎక్కువగా ఉన్న నేలలలో ఈ ముప్పు అధికం. ముతక ఇసుక, కంకరలలో నీరు పైకి ఎగబాకదు కనుక ముప్పు తక్కువ.

ఆ కారణంగా గచ్చు కింద గట్టిగా దిమ్మిస చేసిన కంకర పొరను వేయాలి. దానిపై 50 మిల్లీమీటర్ల గట్టి పాలిస్టైరీన్ పలకలను పరచి, గచ్చు అంచుల వెంట కూడా నిలువుగా అమర్చాలి. వేడి ఎక్కువగా అంచుల గుండానే బయటికి పోతుంది. యంత్రానికి అంటుకుని వచ్చిన మంచు కరిగి పారడానికి గచ్చుకు మీటరుకు 1 నుండి 2 సెంటీమీటర్ల వాలు, మట్టిని ఆపే గుంటతో కూడిన కాలువ అవసరం. కాలువ లేకపోతే ఆ నీరంతా గాలిలో ఆవిరిగా చేరుతుంది.

ఉష్ణ నష్టం: ఒక లెక్క

9 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తు గల శాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. లోపల 12 డిగ్రీలు, బయట -33 డిగ్రీలు అనుకుంటే తేడా 45 డిగ్రీలు. ఉపరితల వైశాల్యాన్ని చదరపు మీటర్లలో తీసుకుని, ఉష్ణోగ్రతల తేడాతో గుణించి, ఉష్ణ నిరోధక విలువతో భాగిస్తే నష్టం వాట్లలో తెలుస్తుంది.

గోడలు, తలుపు, పైకప్పు కలిపి 318 చదరపు మీటర్లు. ఒట్టి ఇనుప రేకుకు నిరోధక విలువ సుమారు 0.17 మాత్రమే కాబట్టి నష్టం 84 కిలోవాట్లకు చేరుతుంది. అదే కట్టడంలో 190 చదరపు మీటర్ల గోడకు 3.5, 108 చదరపు మీటర్ల పైకప్పుకు 7, 20 చదరపు మీటర్ల తలుపుకు 2 నిరోధక విలువ కల్పిస్తే నష్టం సుమారు 3.6 కిలోవాట్లకు తగ్గుతుంది.

ఇక గాలి సంగతి. శాలలోని గాలిలో సగం గంటకొకసారి పగుళ్ల గుండా మారిపోతే, ఆ ఒక్క కారణంగానే సుమారు 4 కిలోవాట్లు నష్టమవుతాయి. అనగా తలుపు అంచులలోని సందులు గోడలు, పైకప్పులన్నిటికన్నా ఎక్కువ వేడిని హరించగలవు. తలుపు చుట్టూ వేసే రబ్బరు పట్టీ చౌకైనదే అయినా ఉపేక్షించరానిది. గచ్చు అంచులు, చట్రపు దూలాల గుండా పోయే వేడిని కూడా కలుపుకుంటే మొత్తం నష్టం సుమారు 10 కిలోవాట్లు.

ఇంతటితో లెక్క ముగియదు. -30 డిగ్రీల చలిలో ఆరుబయట ఉన్న 10 టన్నుల ట్రాక్టరును 10 డిగ్రీలకు తేవడానికి దాదాపు 2,00,000 కిలోజౌళ్లు కావాలి. ఇది సుమారు 55 యూనిట్ల విద్యుత్తుకు సమానం. హీటరు సామర్థ్యం 10 కిలోవాట్లే అయితే అది కట్టడపు నష్టానికే సరిపోతుంది, యంత్రానికి ఏమీ మిగలదు. 20 కిలోవాట్లు ఉంటే ఐదారు గంటలలో యంత్రం పనికి అనువవుతుంది. మరమ్మతు చేయవలసిన యంత్రాన్ని ముందునాటి సాయంత్రమే లోపలికి చేర్చుకోవడం ఇందుకే. షెడ్డు పెద్దదైతే మొత్తాన్ని వేడి చేయకుండా, అడ్డుగోడతో ఒక యంత్రం పట్టే భాగాన్ని వేరుచేసి దానినే వెచ్చగా ఉంచడం పొదుపైన మార్గం.

తేమ: కనిపించని శత్రువు

12 డిగ్రీల వద్ద 50 శాతం తేమ ఉన్న గాలి, సుమారు 2 డిగ్రీలకన్నా చల్లని తలాన్ని తాకగానే నీటి బిందువులను వదులుతుంది. అదే విధంగా లోపలి ఆవిరి గోడలోకి చొచ్చుకుపోయి, బయటి రేకు వెనుక గడ్డకట్టి, వసంతంలో కరిగి, ఉష్ణ నిరోధకాన్ని తడిపి నిష్ప్రయోజనం చేస్తుంది. దీనిని నివారించడానికి 0.15 మిల్లీమీటర్ల మందం గల పాలిథీన్ పొరను అతుకుల వద్ద మూసివేస్తూ నిరోధకానికి లోపలి వైపున, అనగా వెచ్చని వైపున అమర్చాలి.

గుంటూరు ప్రాంతంలో మిరప నిల్వకు వాడే శీతల గిడ్డంగులలో ఈ అమరిక తారుమారవుతుంది. అక్కడ వెచ్చదనం, తేమ బయట ఉంటాయి కాబట్టి ఆవిరి నిరోధక పొర ఉష్ణ నిరోధకానికి బయటి వైపున ఉండాలి. సూత్రం రెండుచోట్లా ఒక్కటే: పొర ఎల్లప్పుడూ వెచ్చని వైపునే ఉండాలి. ఒక ప్రాంతపు నమూనాను మరొక ప్రాంతంలో యథాతథంగా అనుసరించడం ఎందుకు ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

వేడి సాధనాలు, ప్రాణరక్షణ

పొగగొట్టం లేని ప్రొపేన్ హీటరు చౌకగా లభిస్తుంది. కాని 1 కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీరు, 3 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడతాయి. 20 కిలోవాట్ల హీటరు గంటకు దాదాపు 2.5 లీటర్ల నీటిని గాలిలోకి వదులుతుంది. ఆ నీరు చల్లని పనిముట్లపై చేరి తుప్పు పట్టిస్తుంది. అందువల్ల దహనానికి కావలసిన గాలిని బయటి నుండి తీసుకుని, పొగను బయటికే పంపే హీటరును ఎంచుకోవాలి. గచ్చులో గొట్టాలు పరచి గ్లైకాల్ కలిపిన వేడినీటిని ప్రవహింపజేసే పద్ధతి నేలపై పడుకుని పనిచేసేవారికి ఎంతో హాయినిస్తుంది. అయితే గచ్చు నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక నిత్యం వాడే శాలకే అది అనువు. వారానికొకసారి వాడే శాలకు పైనుండి వేడిగాలి వీచే హీటరు చాలు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారున వ్యాపిస్తుంది. కాబట్టి నిప్పురవ్వ పుట్టే ప్రతి సాధనాన్ని గచ్చుకు కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తున బిగించాలి.

వేడి పోకుండా కట్టుదిట్టం చేసిన శాలలో పొగ కూడా బయటికి పోదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా బంధించుకుంటుంది. చలికి జడిసి తలుపు మూసి ఇంజను నడపడం ప్రాణాంతకం. ఇంజను పొగను గొట్టం ద్వారా బయటికి పంపే ఏర్పాటు, గాలిని వెలుపలికి తోడే ఫ్యాను, హెచ్చరిక పరికరం మూడూ తప్పనిసరి. గృహోపయోగ హెచ్చరిక పరికరాలలో పలు రకాలు గడ్డకట్టే చలిలో నమ్మకంగా పనిచేయవు. కొనేటప్పుడే అది పనిచేసే ఉష్ణోగ్రతల పరిధిని చూసుకోవాలి.

విద్యుత్తు, సామగ్రి

వెల్డింగు యంత్రం, ఎయిర్ కంప్రెసరులకు వేర్వేరు 240 వోల్టుల సర్క్యూట్లు ఉండాలి. విద్యుత్ హీటరును తలపెడితే ఆ భారాన్ని ముందుగానే లెక్కలోకి తీసుకోవాలి. ఆరుబయట నిలిపిన ట్రాక్టర్ల ఇంజన్లను వెచ్చబరిచే బ్లాక్ హీటర్ల కోసం బయటి గోడకు టైమరుతో కూడిన ప్లగ్గులు అమర్చాలి. కంప్రెసరు ట్యాంకులోని నీటిని రోజూ వదిలివేయకపోతే చల్లని గొట్టాలలో అది గడ్డకట్టి గాలిని అడ్డగిస్తుంది. చలిలో ట్యూబులైట్లు మసకబారతాయి కనుక ఎల్‌ఈడీ దీపాలు మేలు.

చల్లని ఉక్కుపై వేసిన వెల్డింగు అతి వేగంగా చల్లారి, అతుకు వద్ద పగులుతుంది. 0 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఉక్కును ముందుగా కనీసం 20 డిగ్రీలకు వేడి చేసి, తేమ తొలగించాలి. ఎలక్ట్రోడులను పొడిగా నిల్వ చేయాలి.

ఛార్జి పూర్తిగా తగ్గిన లెడ్ ఆసిడ్ బ్యాటరీ -10 డిగ్రీలు చేరకముందే గడ్డకట్టి పగలవచ్చు. పూర్తిగా ఛార్జయినది -50 డిగ్రీల చలినైనా తట్టుకుంటుంది. నీటి ఆధారిత రంగులు, జిగురులు, ద్రవరూప సస్యరక్షణ మందులు గడ్డకడితే విడిపోయి పనికిరాకుండా పోవచ్చు. వీటిలో మందులకు తాళం, గాలి ప్రసరణ గల ప్రత్యేక గది అవసరం. అది పని స్థలంతో కలిసి ఉండరాదు.

ముగింపు

పరిమిత ధనంతో ఆరంభించే రైతు ముందుగా గచ్చు, దాని కింది నిరోధకం, కాలువలపై వెచ్చించాలి. తరువాత గోడలు, పైకప్పుల నిరోధకం, ఆవిరి పొర, తలుపు పట్టీలు, ఆపై పొగగొట్టం గల హీటరు, పొగ నిర్గమన ఏర్పాట్లు, చివరగా పనిముట్లు. ఈ వరుస తారుమారైతే ఖరీదైన పనిముట్లు తుప్పు పడతాయి, ఇంధన వ్యయం ఏటా మోయవలసిన భారమవుతుంది, పనివారి ఊపిరికే ముప్పు వాటిల్లుతుంది. వరుస సరిగా పాటిస్తే, ఒక బల్ల, ఒక బిగింపు పట్టకారు, కొద్దిపాటి పానాలతోనైనా, మే నెల నాటికి విత్తే యంత్రం పొలానికి సిద్ధంగా ఉంటుంది.