మాయ పడకముందే జున్నుపాలు

ప్రశ్న: మా గేదె ఈనినవెంటనే దూడను పాలకు విడువబోగా, మాయ పడువరకు ఆగవలెనని మా అత్తగారు వారించుచున్నారు. ఏమి చేయవలెను?
— ఒక గృహిణి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాట మన పల్లెలలో చిరకాలముగా నున్నదే గాని, దూడకది ప్రాణాంతకము కావచ్చును. మనుష్యశిశువునకు రోగనిరోధకశక్తి కొంత గర్భమునందే సంక్రమించును. గోమహిషజాతులలోనో, మాయయొక్క నిర్మాణవిశేషముచేత తల్లి రక్తములోని రక్షకద్రవ్యములు పిండమును చేరజాలవు గనుక, పుట్టిన దూడకు జున్నుపాలే కవచము. ఆ ద్రవ్యములను జీర్ణము చేయక యథాతథముగా రక్తములోనికి గ్రహించు శక్తి దూడ ప్రేవులకు పుట్టినది మొదలు క్షీణించుచు, ఇంచుమించు 24 గంటలకు నశించును. మాయ పడుటకు 8 మొదలు 12 గంటలైనను పట్టవచ్చును; అంతదాక వేచిన దూడ గతి యేమి?

కావున పొదుగు కడిగి, మొదటి గంటలోనే, రెండు గంటలు దాటనీయక, పాలు పట్టింపుడు. 30 కిలోల దూడకు తొలిదినమున మొత్తము 3 లీటర్లకు తగ్గకుండ పలుమార్లుగా నీయవలెను. దూడ చీకుటచే తల్లి మెదడునుండి వెలువడు ఆక్సిటోసిన్ గర్భాశయమును సంకోచింపజేసి, మాయ పడుటకే తోడ్పడును. ఈ సంగతి అత్తగారికి మెల్లగా విన్నవింపుడు. 12 గంటలు గడచినను మాయ పడనిచో, చేయిపెట్టి లాగక, పశువైద్యుని పిలువుడు. దూడ బొడ్డునకు టింక్చర్ అయొడిన్ పూయుడు.

ఇక ఇంటిల్లిపాదికిని జున్ను మాటయందురా, దూడ కడుపు నిండినపిమ్మట మిగిలినదానితో నిరభ్యంతరముగా వండుకొనుడు. బెల్లము, మిరియములు వేసిన జున్ను నాకును ప్రియమే.