ఏ దీవి అని అడిగావు కదా

రాబర్ట్‌సన్‌పేట,
కోలారు గోల్డ్ ఫీల్డ్స్

చి॥సౌ॥ అమ్మణ్ణికి పెదనాయన ఆశీస్సులు.

  పెళ్లిరోజుకు నువ్వూ అల్లుడూ ఏదైనా దీవికి పోవాలనుకుంటున్నామనీ, మాల్దీవులా, అండమానా, లక్షద్వీపమా తేల్చి చెప్పమనీ అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని ఈ జాబు రాస్తున్నాను. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఎందులో చూసినా నీళ్లు నీలంగా, ఇసుక తెల్లగా ఉన్నాయి. ఏది మేలో తేల్చుకోవడానికి పనికొచ్చే సంగతి మాత్రం వాటిలో ఒక్కటీ కనపడలేదు.

నీకు తెలుసు, రిసార్టు నాకు వెనక గుమ్మం నుంచి పరిచయం. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతబడ్డాక మన ఊరివాళ్లు తలో దిక్కు పట్టారు. ఎంతోమంది తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరులో పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరేవాళ్లు, ఇప్పటికీ చేరుతున్నారు. నా చేతికి తెలిసింది జనరేటర్లు, పంపులు. తెలిసినవాళ్ల మాట మీద మాల్దీవుల్లో ఒక రిసార్టు పవర్‌హౌస్‌లో చేరాను.

ఆ దీవి నాకు అంత కొత్తగా తోచలేదమ్మా. మన ఊరు మాత్రం ఏమిటి? 1880లో గనులు తవ్వడానికి జాన్ టేలర్ కంపెనీ వచ్చిననాటికి ఇక్కడ రాళ్లూ తుప్పలే. నీళ్లు బేతమంగళ నుంచి వచ్చాయి. కరెంటు 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగల మీద వచ్చింది. మనుషులు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపుల నుంచి వచ్చారు. దొరలకు బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానం. గనిలోకి దిగేవాళ్లకు లైన్ ఇళ్లు. అంతా బయటినుంచి తెచ్చి నిలబెట్టిన ఊరు. రిసార్టు దీవీ అచ్చం అట్లాంటిదే. జనరేటరు ఆగితే ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే యంత్రం ఆగుతుంది. అది ఆగితే గదిలో షవరు రాదు, వంటింట్లో బియ్యం కడగడానికి నీళ్లుండవు. పొద్దున్నే సరుకుల పడవ జెట్టీకి రాకపోతే ఉల్లిగడ్డ కూడా ఉండదు. అందుకని ఏ దీవి గురించైనా నేను ముందు చూసేది, అక్కడికి ఏది ఎట్లా చేరుతుంది అన్నదే. ఆ ఒక్కటీ సరిగ్గా అడిగితే మిగతా సంగతులు వాటంతటవే బయటపడతాయి.

ముందు మాల్దీవులకు మీరు చేరే దారి చూడు. బెంగుళూరు నుంచి మాలేకు విమానంలో రెండు గంటల దరిదాపు. వీసా ముందుగా అక్కర్లేదు, పాస్‌పోర్టు ఉండాలి. బయలుదేరే ముందు 96 గంటల లోపల ఆన్‌లైన్లో ఇముగా అనే ఫారం నింపాలి. మాలేలో దిగాక అసలు ప్రయాణం మొదలు. దగ్గరి దీవులకు స్పీడ్‌బోటు, దూరపువాటికి సీప్లేను, మరీ దూరమైతే ఇంకో విమానం ఎక్కి మళ్లీ బోటు. సీప్లేను చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పైలట్లు కాళ్లకు చెప్పులు కూడా లేకుండా నడుపుతారు. పైనుంచి పగడపు దిబ్బలు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. కానీ అది పగటి వెలుతురులోనే ఎగురుతుంది. మీ విమానం మధ్యాహ్నం మూడున్నర దాటి దిగితే ఆ పూట సీప్లేను దొరకడం కష్టం. ఆ రాత్రి మాలేలోనో హుల్హుమాలేలోనో ఏదో గదిలో పడుకోవాలి, దీవిలో గదికి మాత్రం డబ్బు కట్టేసి ఉంటారు. తిరుగు విమానం పొద్దున్నే అయితే ఇటువైపు ఇంకో రాత్రి పోతుంది. అయిదు రోజుల సెలవులో రెండు రాత్రులు అట్లా పోగొట్టుకుని వెనక్కి పోయిన జంటలను జెట్టీ మీద చూశాను. సీప్లేనులో సామాను కూడా మనిషికి 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు, అంతే.

ఇక డబ్బు. గది అద్దె పక్కన రెండు ప్లస్ గుర్తులు కనబడితే అక్కడ ఆగి లెక్క వేసుకో. రాత్రికి 500 డాలర్లు అన్నారనుకో. దానిమీద సర్వీసు ఛార్జి 10 శాతం, 550 అయింది. ఆ మొత్తం మీద పన్ను 17 శాతం, 2025 జూలై నుంచి అంతే. 643.50 అయింది. ఆ పైన గ్రీన్ టాక్స్ అని రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఇద్దరికీ 24. అన్నీ కలిపి 667.50. బోటుకో సీప్లేనుకో అయ్యే ఖర్చు ఇందులో లేదు. తిండి ఉందో లేదో వేరే అడగాలి. పొద్దున టిఫిన్ ఒక్కటే అయితే మిగతా రెండు పూటలూ అక్కడ వాళ్లు చెప్పిందే ధర. ఒక దీవికి ఒకే రిసార్టు ఉంటుంది, 1972లో మొదటి రిసార్టు కురుంబా మొదలైనప్పటి నుంచీ దాదాపు అక్కడి పద్ధతి అదే. మూల మీద ఇంకో హోటలుకు పోదామంటే మూలే లేదు. కాబట్టి మీలాంటివాళ్లకు మూడు పూటలా భోజనం కలిసిన ప్యాకేజీ తీసుకోవడమే నయం. అల్లుడికి పెరుగన్నం లేకపోతే కుదరదని నాకు తెలుసు. చానా రిసార్టుల వంటింట్లో మనవాళ్లు ఉంటారు. ముందుగా మెయిల్లో రాస్తే చారు కూడా పెడతారు.

గది దగ్గరికి వచ్చేసరికి నువ్వు నీళ్ల మీది విల్లా అంటున్నావు. ఆ విల్లాల పుట్టుక చెబుతాను. 1967లో ఫ్రెంచ్ పాలినేషియాలోని రాయటియా దీవిలో ముగ్గురు అమెరికన్లు హోటలు నడిపేవాళ్లు. వాళ్ల చోట మంచి ఇసుక తీరం లేదు. అందుకని సముద్రంలో స్తంభాలు పాతి గదులు కట్టారు. ఇసుక లేని చోట తోచిన ఉపాయం అది. మాల్దీవుల్లో ఇసుక కావలసినంత ఉంది. పైగా నీకు ఈత రాదు. మన పిల్లలు చూసిన పెద్ద నీళ్లంటే బేతమంగళ చెరువే, అందులో దిగనిచ్చేవాళ్లం కాదు. నీళ్ల మీది విల్లాలో మెట్లు దిగితే నేరుగా సముద్రం, కింద ఎంత లోతుందో గది గదికీ మారుతుంది. ఒడ్డున ఇసుకలో ఉండే విల్లా అయితే తలుపు తీసి పది అడుగులు వేస్తే మోకాలి లోతు నీళ్లు. ధర కూడా తక్కువ. చివరి రాత్రి ఒక్కటి నీళ్ల మీద గడపాలని ఉంటే చానా చోట్ల కుదురుస్తారు, అడుగు.

ఒడ్డు విల్లాకీ ఒక పరీక్ష ఉంది. గాలి మారితే ఇసుక దీవి చుట్టూ కదులుతుంది. ఒక కాలంలో వెడల్పుగా ఉన్న తీరం ఇంకో కాలంలో కోసుకుపోయి గది ముందు ఇసుక సంచులు పేర్చి ఉంటాయి. నువ్వు పోయే నెలలో ఆ గదుల ముందు ఇసుక ఉంటుందా అని అడుగు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, ఆ రోజుల్లో నైరుతి పక్క గదుల ముందు నీళ్లు నిలకడగా ఉంటాయి. మే నుంచి అక్టోబరు దాకా దీనికి తలకిందులు, వానలు కూడా జాస్తి. దీవి మ్యాపు తెప్పించుకుని, సిబ్బంది ఇళ్లు, పవర్‌హౌస్, సరుకుల జెట్టీ ఎక్కడున్నాయో గుర్తు పెట్టించుకో. నేను పనిచేసిన షెడ్డుకు ఎంత సైలెన్సరు బిగించినా, గాలి ఇటు తిరిగిన రాత్రి దాని మోత దగ్గరి గదులదాకా పోయేది. మ్యాపు పంపమంటే సందేహించే చోట బుక్ చేయకు.

పగడాల సంగతి వేరే చెప్పాలి. చేపలు చూడాలని కదా అంత దూరం పోయేది. ఒడ్డు నుంచి ఈదుకుంటూ పోగలిగినంత దగ్గర్లో పగడపు గట్టు ఉంటే దాన్ని హౌస్ రీఫ్ అంటారు. అది లేకపోతే చేపలు చూడాలన్న ప్రతిసారీ బోటు, ప్రతి బోటుకూ బిల్లు. సముద్రం వేడెక్కి 1998లోనూ 2016లోనూ అక్కడి పగడాలు చానా భాగం తెల్లబడి చచ్చిపోయాయి. కొన్నిచోట్ల మళ్లీ పెరిగాయి, కొన్నిచోట్ల లేదు. సముద్రం అడుగునుంచి ఇసుక తోడిపోసి కట్టిన కొత్త దీవుల దగ్గర గట్టు ఉండకపోవచ్చు. ఈ ప్రశ్న బుకింగ్ వాళ్లను కాదు, ఆ రిసార్టులోని డైవింగ్ సెంటరును అడుగు. వాళ్లు రోజూ నీళ్లలో ఉండేవాళ్లు, ఉన్నదున్నట్టు చెబుతారు.

ఇంకొకటి, నా మనసులోది. జంటల కోసమే కట్టిన ఆ చోటును నడిపేవాళ్లలో పెళ్లయినవాళ్లు దాదాపు అందరూ ఒంటరిగానే ఉంటారు. మీ మంచం మీద దుప్పటి మడిచి పూలు పెట్టే అబ్బాయి భార్య ఢాకా పక్కనో, కేరళలోనో, శ్రీలంకలోనో ఉంటుంది. నేనక్కడ ఉన్నన్నాళ్లూ మీ పెద్దమ్మ ఈ ఇంట్లోనే ఉంది. సాయంత్రం షిఫ్టు దిగి సిబ్బంది మెస్సు మెట్ల మీద కూర్చుంటే తీరం మీద నడిచే జంటలు కనపడేవాళ్లు. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారని నేను చెప్పలేను. రోజుకు మూడు కార్యక్రమాలు పెట్టుకున్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడటమే చూడలేదు. ఒక ముసలి జంట ఉండేవాళ్లు, పొద్దున ఒకసారి నీళ్లలో దిగేవాళ్లు, మిగతా పగలంతా ఒకే చెట్టు కింద ఇద్దరూ ఏదో ఒకటి చదివి ఒకరికొకరు వినిపించుకునేవాళ్లు. నువ్వు కట్టే డబ్బుకు కొనేది ఆ తీరికే తల్లీ. అందుకే కార్యక్రమాల పట్టీ పొడుగ్గా ఉన్న రిసార్టును చూసి మురిసిపోవద్దు. అక్కడ పనిచేసే పిల్లలను పేరు అడిగి పలకరించండి. వాళ్లకు ఇచ్చే టిప్పు చేతికే ఇవ్వండి.

అండమాన్ గురించి. పాస్‌పోర్టు, డాలర్లు అక్కర్లేదు, ఖర్చు బాగా తక్కువ. శ్రీ విజయపురంలో, అదే మనకు అలవాటైన పోర్ట్ బ్లెయిర్‌లో, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయి స్థిరపడ్డ తెలుగువాళ్లు చానామంది. అక్కడినుంచి స్వరాజ్ ద్వీప్‌కు ఫెర్రీ. దాన్నే హావ్‌లాక్ అనేవాళ్లు, 2018 డిసెంబరులో పేరు మార్చారు. అక్కడి రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైనదని మెచ్చుకుంది. ఆ తీరం పక్కనే 2018లో తాజ్ వాళ్ల రిసార్టు వచ్చింది. దేశంలోనే విలాసంగా ఉండాలంటే మొదట అడగాల్సింది దాన్నే. మూడు సంగతులు గుర్తుంచుకో. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదుకల్లా సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి తెల్లారుజామునే లేవాలి. విజయనగర్ వైపు తీరంలో పోటు తగ్గితే సముద్రం దూరం జరిగి రాళ్లు తేలతాయి, ఆ వేళ ఈత లేదు. ఉప్పునీటి మొసళ్లున్నాయి, 2010లో హావ్‌లాక్‌లో ఒక పర్యాటకురాలు ప్రాణం పోగొట్టుకుంది. హెచ్చరిక బోర్డు, కాపలా మనిషి మాట దాటకండి.

లక్షద్వీపం ఈసారికి వద్దు. నీళ్లు మాల్దీవులకు తీసిపోవు, బంగారం అనే దీవి నిజంగా అందమైనదే. అయితే ప్రవేశానికి ముందుగా పర్మిట్ కావాలి, అగత్తిలో దిగే విమానాలు కొద్ది, మీరు కోరిన స్థాయి గదులు అక్కడ ఇంకా రాలేదు. సుహేలీ, కద్మత్ దీవుల్లో తాజ్ రిసార్టులు కడతామని 2023లో ప్రకటించారు. అవి తెరిచాక చూసుకోవచ్చు.

నా మాట అడిగితే, మీకున్నది అయిదు రోజులే కాబట్టి మాల్దీవులే, కానీ స్పీడ్‌బోటు దూరంలో, మాలే చుట్టూ ఉన్న అటాల్‌లో, అంటే పగడపు దీవుల వలయంలో, ఒక దీవి, ఫిబ్రవరి నెల, నైరుతి పక్కన ఒడ్డు విల్లా, హౌస్ రీఫ్ బతికున్న చోటు, నాలుగు రాత్రులు. బడ్జెట్ దాటితే వాయిదాల మీద తీసుకోవద్దు, అదే నెలలో హావ్‌లాక్‌కు పోండి. అక్కడా మంచిగానే గడుస్తుంది.

సామాను సర్దేటప్పుడు పూజ విగ్రహాలు, మద్యం సీసాలు పెట్టొద్దు, మాల్దీవుల కస్టమ్స్‌లో ఆపేస్తారు. నీ ఆస్తమా మందులు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. దీవిలో డాక్టరు ఉన్నాడా, రాత్రిపూట బోటు ఏర్పాటుందా అని బుక్ చేసేముందే రాయించుకో. అల్లుడు స్కూబా చేస్తానంటే మొదటి రోజుల్లోనే చేయమను, విమానం ఎక్కడానికి ముందు ఒక రోజు పూర్తిగా నీళ్ల అడుగుకు పోకూడదు. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి తేకండి, ఈ రెండు చోట్లలో ఎక్కడికి పోయినా అది నేరమే.

ఫిబ్రవరికి ఇంకా వ్యవధి ఉంది. మీ అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ పూలు ఉందన్నావు. ఈ వారమే ఈతలో చేరు. నీళ్ల మీద వెల్లకిలా తేలడం ఒక్కటి వచ్చినా చాలు, లైఫ్ జాకెట్ వేసుకుని పగడాల దాకా పోగలవు. రెండు మూడు రిసార్టుల నుంచి ధరల మెయిళ్లు రాగానే నాకు పంపు, మ్యాపులతో సహా. లెక్కలు నేను చూసి పెడతాను.

ఇట్లు,
మీ పెదనాయన