డేగవేట: పద్ధతిని, పక్షిని ఎన్నుకొను వివేకము

శిక్షణ పొందిన డేగచేత పక్షులను, చిన్న జంతువులను పట్టించు విద్యను సంస్కృతమున శ్యైనికమనియు, పారసీక, ఉర్దూ భాషలలో బాజ్‌దారీ అనియు అందురు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో రాజవినోదములలో నొకటిగా శ్యేనవినోదము కూడ వర్ణింపబడినది. కుమావూఁ ప్రభువు రుద్రదేవుడు ఈ విద్యపైననే శ్యైనికశాస్త్రమను గ్రంథమును రచించెను. పారసీకమున బాజ్‌నామాలను పేర నొక గ్రంథశాఖయే వర్ధిల్లినది. మన తెలుగున సాళువమనగా వేటడేగ. విజయనగరము నేలిన సాళువ వంశమునకు ఆ పేరు దానివలననే వచ్చినది. బైరి డేగ అను మాటలోని ‘బైరి’ ఉర్దూలోని ‘బహ్రీ’యే. బహ్రీ అనగా సముద్రమునకు సంబంధించినది. ఒక పక్షి పేరులోనే రెండు భాషలు చేయి కలిపినవి.

ఈ విద్యను గూర్చి వినువారు సాధారణముగ మొదట అడుగు ప్రశ్న ‘ఏ పక్షి గొప్పది?’ అని. అనుభవజ్ఞులు ఈ ప్రశ్నను చివరకు నెట్టుదురు. మొదట నేల ఎట్టిది, వేటాడదగిన ప్రాణి ఏది, వేటగానికి తీరిక ఎంత అను మూడింటిని విచారించి, వాటినిబట్టి పద్ధతిని, పద్ధతినిబట్టి పక్షిని ఎన్నుకొందురు. ఈ క్రమము తలక్రిందులైనచో నష్టపోవునది పక్షియే. ఆ కారణమును వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

కన్నులనుబట్టి విభజన

పారసీక గ్రంథకర్తలు వేటడేగలను కన్నుల రంగునుబట్టి రెండు తెగలుగా విభజించిరి. నల్లకన్నులవి సియాహ్ చష్మ్. పసుపు కన్నులవి జర్ద్ చష్మ్. ఈ విభజన పైకి సామాన్యముగ తోచినను, దీని వెనుక శరీర నిర్మాణ భేదము కలదు.

బహ్రీ, షాహీన్, లగ్గర్, చర్ఘ్ అనునవి నల్లకన్నుల తెగవి. లగ్గర్‌ను మనవారు లగడు అందురు. వీటి రెక్కలు పొడవై, కొనలు సూదిగా నుండును. ఇవి బయళ్ల పక్షులు. వేటను కాళ్లతో కొట్టి, ముక్కుపై నున్న పంటివంటి కొనతో మెడ కొరికి చంపును. బాజ్, బాషా, షిక్రా పసుపు కన్నుల తెగవి. మన జాలె డేగయే షిక్రా. వీటి రెక్కలు పొట్టివై గుండ్రముగను, తోక పొడవుగను ఉండును. చెట్ల సందులలో చటుక్కున మళ్లుటకు ఈ నిర్మాణము తోడ్పడును. ఇవి గోళ్ల పట్టుతోనే వేటను చంపును.

మూడు పద్ధతులు

మొదటిది ఆకాశమున కాచుకొను పద్ధతి. డేగను ముందుగనే విడిచిపెట్టుదురు. అది ఎంతో ఎత్తున తిరుగుచుండగా క్రింద వేటగాడో, కుక్కయో పొదలోని పక్షిని లేపును. డేగ రెక్కలు ముడుచుకొని పైనుండి దూకును. బహ్రీ ఇట్లు దూకునపుడు దాని వేగము గంటకు 300 కిలోమీటర్లు దాటును. ఇక్బాల్ కవిత్వమున షాహీన్ ఉన్నతాశయమునకు ప్రతీకయైనది. దాని ఎత్తును కన్నులార చూచినవారికి ఆ ప్రతీక బలము తెలియును. కాని ఈ పద్ధతికి విశాలమైన బయలు కావలెను. చెట్లు, కంచెలు, తీగలు ఉన్నచోట వేట చాటునకు దూరిపోవును, డేగ కంటికి కనబడకుండ పోవును.

రెండవది తరుము పద్ధతి. డేగ తలకు తోలు కుళ్లాయి తొడిగి ముంజేతిపై నుంచుకొని, వేట కనబడగనే కుళ్లాయి తీసి విడుతురు. అది సుదీర్ఘముగ తరిమి పట్టును. అరబ్బులు ఎడారిలో చర్ఘ్‌తో హుబారాను వేటాడునది ఈ విధముగనే. హుబారా మన బట్టమేక పిట్టకు జ్ఞాతి.

మూడవది చేతినుండి విడుచు పద్ధతి. పొదలు, తోటలు, పొలముగట్లు గల సీమలకు ఇదియే తగినది. దూరము తక్కువ, వేగము క్షణికము. షిక్రాను మన దేశపు వేటగాండ్రు అరచేతిలో పట్టుకొని బాణమువలె విసరెడివారు. ఆ విసురుచే మొదటి కొన్ని గజముల వేగము దానికి ఊరక లభించును. పూరేళ్లు, కౌజులు, గోరువంకలు దీని వేటలు.

నేల నేర్పిన ఎంపిక

నేలయే పద్ధతిని నిర్ణయించుననుటకు లోకమున దృష్టాంతములు పెక్కు. టర్కీ దేశమున నల్లసముద్ర తీరమందు శరత్కాలమున పూరేళ్లు వలసవచ్చును. అచటివారు ఆ ఋతువు ఆరంభమున బాషా జాతి డేగను పట్టి, కొలది దినములలో మచ్చిక చేసి, వేట ముగియగనే విడిచిపెట్టుట ఆచారము. మంగోలియా పశ్చిమసీమలోని కజాకులు మంచు కాలమున గుఱ్ఱములపై పోయి, బంగారు గ్రద్దతో నక్కలను వేటాడుదురు. ఆడగ్రద్ద బరువు 5, 6 కిలోలు కూడ నుండును గనుక జీనుకు కట్టిన కొయ్య ఊతపై చేయి ఆనింతురు. కొన్నియేండ్లు సేవచేసిన గ్రద్దను తిరిగి కొండలలో విడుతురు. పూర్వము అరబ్బులును శరత్తున పట్టిన చర్ఘ్‌ను వసంతమున వదలెడివారు. ఎడారి వేసవిలో దానిని సాకుట దుష్కరము. ఈ మూడు జాతులవారును ఒకరి పక్షిని మరియొకరు కోరలేదు. తమ నేల అడిగిన పక్షినే చేపట్టిరి.

ఆడ, మగ, పిల్ల, పెద్ద

డేగలలో ఆడది పెద్దది, బలమైనది. అందుచే వేటభాషలో రెండింటికి వేర్వేరు పేర్లు ఏర్పడినవి: ఆడది బాజ్, మగది జుర్రా, ఆడది బాషా, మగది బాషీన్. పెద్ద వేటకు ఆడదానిని, చిన్నదియు చురుకైనదియు అగు వేటకు మగదానిని ఎన్నుకొనెడివారు.

వయస్సును బట్టియు భేదము కలదు. గూటినుండి తెచ్చిన పిల్లను ఆషియానీ అందురు. ఇది త్వరగ మచ్చికయగును గాని వేట నెరుగదు. మనిషినే తల్లిగ భావించి అదేపనిగ అరచును. వలసదారిలో చిక్కిన ఏడాదిలోపు పక్షి వేట నెరిగినదై, నేర్చు గుణము కోల్పోనిదై ఉండును. ముదిరిన అడవి డేగ వేటలో నిపుణమేగాని దాని మనస్సును గెలుచుట కష్టము.

తన్ను తాను పరీక్షించుకొనుట

డేగ బానిస కాదు, కుక్కవలె యజమాని మెప్పును కోరదు. హనఫీ ధర్మశాస్త్ర గ్రంథమైన హిదాయాలో ఈ స్వభావమును గూర్చి సూక్ష్మమైన విచారణ కలదు. కుక్క శిక్షితమైనదనుటకు గుర్తు, పట్టిన వేటను తాను తినకుండుట. డేగ శిక్షితమైనదనుటకు గుర్తు, పిలిచినపుడు తిరిగివచ్చుట. డేగ శరీరము దెబ్బకు ఓర్వదు గనుక కుక్కకు పెట్టిన పరీక్ష దానికి పెట్టరాదని ఆ గ్రంథము కారణము చెప్పును. కొట్టి నేర్పరాని ప్రాణికి ఓర్పుతోనే నేర్పవలెనని దీని భావము.

ఆ ఓర్పునకు కాలము కావలెను. ప్రతిదినము పక్షిని తూచవలెను, చేతిపై మోయవలెను, ఎగురనీయవలెను. ఆకలి తక్కువైనచో అది తిరిగిరాదు, ఎక్కువైనచో నీరసించును. కిలో బరువుగల బాజ్ చిన్న పొరపాటును ఓర్చుకొనును. రెండువందల గ్రాములైనను తూగని షిక్రాకు కొలది గ్రాముల తేడాయే ప్రాణాపాయము. కావున ‘చిన్న పక్షి, తేలిక పని’ అను తలంపు సరికాదు. తీరికలేనివాడు ఏ పక్షిని ఎన్నుకొన్నను తప్పే యగును.

నేటి కాలమున

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అడవి డేగను పట్టుట నేరము. ఇది ఉచితమే. హుబారా సంఖ్య వేటవలన క్షీణించినది. చర్ఘ్ ప్రమాదస్థితిలోనున్న జాతులలో చేరినది. డి.డి.టి. వంటి పురుగుమందులచే గ్రుడ్లపెంకులు పలుచబడి అమెరికాలో బహ్రీ దాదాపు అంతరించెను. అపుడు దానిని కాపాడినవారిలో డేగవేటగాండ్రే ముఖ్యులు. కార్నెల్ విశ్వవిద్యాలయమున టామ్ కేడ్ మొదలగువారు 1970లో ఆరంభించిన సంస్థ, పక్షులను సాకుటలో వేటగాండ్రు గడించిన జ్ఞానముతో పిల్లలను పొదిగించి వేలకొలది అడవికి విడిచినది. 1999లో బహ్రీని అచట ప్రమాదస్థితి పట్టికనుండి తొలగించిరి. యునెస్కో 2010లో డేగవేటను మానవజాతి వారసత్వములలో చేర్చినది. 2021 నాటికి అందు 24 దేశములు పాల్గొనినవి.

మన విద్యార్థులకు తగిన పద్ధతి నాల్గవది: వలయు కుళ్లాయియు లేక, కంటితో వెంబడించుట. ఊరి చింతతోపున జాలె డేగను, శీతకాలమున చెరువుగట్టున బైరి డేగను ఓపికతో గమనింపుడు. రెక్క పొడవును, కంటి రంగును, దూకు తీరును వ్రాసికొనుడు. నేలకు తగిన పక్షి ఏదో అవే చెప్పును. పక్షిని మన కోరికకు వంచుటకన్న, మన కోరికను పక్షి స్వభావమునకు వంచుకొనుటయే ఈ ప్రాచీన విద్య నేర్పు పాఠము.